లక్క అనే మాట

ఉనైజా,
8 నవంబరు 2024, శుక్రవారం

వదినకు వందనాలు.

నేను బాగున్నాను, నాలుగు పూటలా తింటున్నాను, కాస్త ఒళ్లు కూడా చేశాను. కాబట్టి ఆ ప్రశ్నలు పక్కన పెట్టి అసలు సంగతి విను. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోను ఎత్తితే అన్న మధ్యలో లాక్కుంటాడు, వెనకాల బొమ్మలు తిప్పే లేతు మిషను గిర్రుమంటూ ఉంటుంది, నేను రెండు మాటలు చెబితే నీకు ఒకటి వినపడుతుంది. అందుకే కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతున్నాను. నువ్వూ అలాగే పంపు. సండే స్కూలు టీచరమ్మ దస్తూరీ చూసి చాలా కాలమైంది.

రాబిగ్ రిఫైనరీ పని అయిపోయింది. కంపెనీవాళ్లు నన్ను ఇక్కడికి, ఉనైజాకి మార్చారు. సౌదీలోనే, ఖర్జూరపు తోటల ఊరు. ఊరి బయట ఒక అమీర్ గారి తోట బంగళా ఉంది, అందులో ఏసీలు చూడటం నా పని. రాజకుటుంబంలో ఆయన ఎవరికి ఏమవుతారో నాకు తెలియదు, అందరూ అమీర్ అంటారు, నేనూ అంటాను. ఆయనకు జపాను చేతిపనులంటే పిచ్చి. ప్రతి శీతాకాలం అక్కడి నుంచి కళాకారులను పిలిపించి, ఇల్లిచ్చి, వంటవాణ్ణిచ్చి, నెలల తరబడి పని చేయించుకుంటాడు. ఒక ఏడాది కాగితం చేసేవాళ్లు వచ్చారట, ఒక ఏడాది కుండలు చేసేవాళ్లు. ఈ ఏడాది అతిథుల హాలుకి తలుపులు చేయించుకుంటున్నాడు. సాయంత్రం నమాజు అయ్యాక వచ్చి, ఒక మూల చిన్న స్టూలు మీద కూర్చుని వాళ్ల చేతులకేసి చూస్తూ ఉంటాడు. అంత పెద్ద మనిషి, ఒక్క మాట మాట్లాడడు.

ఆ పనేమిటో తెలుసా? లక్క పని. మా సూపర్‌వైజరు అబ్దుల్ ఘనీ సాబ్ హైదరాబాదు మనిషి, ఆయనే ఉర్దూలో "లాఖ్ కా కామ్" అని చెప్పాడు. నాకు ఆగలేదు. మా ఇంట్లో మూడు తరాలుగా అదే పని సాబ్, మాది ఏటికొప్పాక అన్నాను. ఆయన నన్ను తీసుకెళ్లి జపాను పెద్దాయనకు చెప్పాడు. ఆయన పేరు మోరికావా. ముసలాయన, సన్నగా ఉంటాడు. వాళ్ల తాత జపాను చక్రవర్తి కొలువులో పని చేసినవాడట. అలాంటి మనిషి నా ముందు నడుము దాకా వంగి దండం పెట్టాడు వదినా. లేతు దగ్గర కూర్చోలేక ఇంట్లోంచి పారిపోయినవాణ్ణి నేనొక్కణ్ణేనని ఆయనకెవరు చెబుతారు? నేను కూడా వంగాను.

ఒకటి మాత్రం అర్థం కావడం లేదు. తలుపులకు ఒక పూత వేశాక వాటిని మన వంటగదంత చెక్క గదిలో పెట్టి మూసేస్తారు. ఆ గది గోడలకు తడిగుడ్డలు. వాటిని పొద్దునా సాయంత్రం తడపడానికి జావీద్ అనే పాకిస్తానీని పెట్టారు. నా ఈడువాడే, నెమ్మదస్తుడు. ఆ పని చేసీ చేసీ అతని మణికట్ల మీద దద్దుర్లు లేచాయి, పూత తగిలితే దురద అంటాడు. అది సరే, లక్కకి నీళ్లేమిటి వదినా? మన ఇంట్లో ఎప్పుడైనా చూశామా?

ఇక్కడి వంటవాడు చేపల పులుసులో చింతపండు వేయడు. ఇంకేం రాయను.

వరదానం


ఏటికొప్పాక,
12 నవంబరు 2024

మరిదీ, వరం,

దేవుడు నీకు ఆరోగ్యం ఇచ్చినందుకు వందనాలు, బుద్ధి కూడా ఇస్తే ఇంకా సంతోషిస్తాను. ఒళ్లు చేశానని రాశావు, పోయినసారి వచ్చినప్పుడు చొక్కా గుండీలు నేనే కదా మార్చి కుట్టాను.

నీ ఉత్తరం నేను రెండుసార్లు చదువుకుని, మీ అన్నకు ఒకసారి వినిపించాను. నువ్వు వంగి దండం పెట్టిన చోట ఆయన చాలాసేపు నవ్వాడు. చక్రవర్తి కొలువు అన్న చోట మాత్రం లేతు ఆపేశాడు. మీ తాత జమీందారు గారి పెళ్లికి పల్లకీ కొమ్ములు లేతు మీద తిప్పాడని, ధాన్యమూ పట్టుబట్టలూ ఇచ్చి పంపారని మావయ్య గారు బతికున్నన్నాళ్లూ చెబుతూనే ఉండేవారు కదా. ఇప్పుడు మనకు రాజులెక్కడున్నారు? ఎగ్జిబిషన్ స్టాలు, ఎండలో ప్లాస్టిక్ కుర్చీ, లక్కపిడతలు బేరమాడే జనం. ఒక రాజు స్టూలు మీద కూర్చుని పనివాడి చేతులు చూస్తాడంటే నాకు కళ్లనీళ్లు వచ్చాయి.

ఇక నీళ్ల సంగతి. లక్కకి తేమ పడదు. ముసురు పట్టిన రోజున మీ అన్న రంగు లక్క ముట్టనే ముట్టడు. నాకు పెళ్లయిన కొత్తలో, చెప్పినా వినకుండా, భరిణెల బుట్ట తడి గచ్చు మీద పెట్టాను. తెల్లారేసరికి అన్నీ బొల్లి వచ్చినట్టు పాలిపోయాయి. మీ అమ్మ నాతో మాట్లాడలేదు. లక్కకి కావాల్సింది వేడి, గాలి. జపానువాళ్లకు తెలియక కాదు, ఆ జావీద్ అనేవాడికి వాళ్ల మాట అర్థం కాలేదు. గది తుడవమంటే తడపమన్నారనుకున్నాడేమో. పనికి పెట్టుకున్నవాడు ఏం చేస్తున్నాడో పెద్దవాళ్లు తొంగి చూడరు కదా.

నువ్వు చూస్తూ ఊరుకుంటే ఎలా? లక్క ఇంట పుట్టినవాడివి, నీ కళ్ల ముందే పాడైతే రేపు మనల్ని అనరా? నోరు తెరిచి చెప్పు. చిన్నప్పుడు లేతు దగ్గర కూర్చోకపోతే పోయె, ఇప్పుడైనా ఇంటి పేరు నిలబెట్టు.

చింతపండు మన చర్చి రూబీ చేత పంపుతాను, క్రిస్మస్ అయ్యాక మీ పక్క ఊరు బురైదా ఆసుపత్రిలో నర్సుగా చేరుతోంది.

నీ వదిన దీనమ్మ


ఉనైజా,
22 నవంబరు 2024, శుక్రవారం

వదినకు వందనాలు.

నువ్వు గర్వపడే ఉత్తరం ఇది. కాఫీ కలుపుకుని కూర్చుని చదువు.

అమీర్ గారు మోరికావా గారినీ, ఆయన శిష్యురాలినీ రియాద్ తీసుకెళ్లారు. వాళ్ల పెద్దల ఇంట్లో ఈ పని నమూనాలు చూపించడానికట. ఆ శిష్యురాలే పెద్దాయన మాటల్ని ఇంగ్లీషులో చెబుతుంది. వాళ్లు వెళుతూ వెళుతూ తలుపులకు ఆఖరు పూతకు ముందు పూత వేసి, చెక్క గదిలో పెట్టి, జావీద్‌కి అప్పగించారు. నల్లగా, అద్దంలా, ఏం పూత అనుకున్నావు. అన్న చూస్తే తిండి మానేసి చూస్తాడు.

సరే, మర్నాడు చూద్దును కదా, జావీద్ బకెట్టు పట్టుకుని గుడ్డలు తడుపుతున్నాడు. గది లోపల మన ఊళ్లో ఆషాఢంలోలా చెమ్మ. నాకు నీ భరిణెల బుట్ట గుర్తొచ్చింది. బకెట్టు కింద పెట్టు భాయ్ అన్నాను. వాళ్లు తడి ఉంచమన్నారు అన్నాడు. నీకు వాళ్ల మాట సరిగా అర్థమై ఉండదు, ఇది లాఖ్, మా ఇంట్లో మూడు తరాల పని, తేమ తగిలితే తెల్లబడిపోతుంది అని నువ్వు రాసిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను. మోరికావా గారు నాకు వంగి దండం పెట్టడం అతను చూశాడు కదా, బకెట్టు కింద పెట్టాడు. తర్వాత, "రేపు ఏమైనా అయితే?" అన్నాడు.

"జిమ్మేదారీ మేరీ," అన్నాను. పూచీ నాది అని.

గుడ్డలు తీసేశాం. చెక్క గది తలుపులు బార్లా తెరిచాం. ఏసీని ఆరబెట్టే పద్ధతిలో పెట్టి, హీటరు కూడా వేశాను. ఈ ఎడారిలో గాలి పొడిగా రావడానికి పెద్ద కష్టపడక్కర్లేదు. తోటలోంచి కిటికీ గాలి కూడా రానిచ్చాను. జావీద్ అక్కడే కూర్చుని మన పని గురించి అడిగాడు. అంకుడు కర్ర ఎంత మెత్తనో, లేతు తిరుగుతుంటే ఆ వేడికే లక్క ఎలా కరిగి పట్టుకుంటుందో, మొగలాకుతో రుద్దితే ఎలా మెరుస్తుందో అన్నీ చెప్పాను. నాకే ఆశ్చర్యం వేసింది, నాకు ఇంత తెలుసా అని. ఇప్పుడు రోజూ టీ తాగేటప్పుడు ఏదో ఒకటి అడుగుతున్నాడు. వాళ్లు తిరిగి వచ్చాక అబ్దుల్ ఘనీ సాబ్‌కి నేనే చెబుతాను, పని పాడవకుండా ఎవరు కాపాడారో.

వరదానం


ఏటికొప్పాక,
25 నవంబరు 2024

వరం,

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి మీ అన్న నడక మారిపోయింది. నిన్న టీ కొట్టు దగ్గర, మా తమ్ముడు సౌదీ రాజు గారి ఇంట్లో లక్క పని చూస్తున్నాడు అని చెప్పాడట. ఏసీ పని అని నేను సరిచేయబోతే, నువ్వూరుకో అన్నాడు. నేనూరుకున్నాను. నిజం చెప్పొద్దూ, నాకూ అలా వినడమే బాగుంది.

అమీర్ గారు నిన్ను పిలిచి అడిగితే మన ఊరి పేరు నిదానంగా, విడివిడిగా పలుకు. నీకు కంగారులో నోరు తిరగదు. ఆయన చూస్తానంటే ఒక మంచి భరిణె, ఒక బొంగరాల జత రూబీ పెట్టెలో పెడతాను. కొనమని కాదు. చూస్తే చాలు. చూడటం తెలిసినవాళ్లు చూసి ఎన్నాళ్లయిందో.

ఆ జావీద్‌కి మంచి మాట చెప్పావు, విన్నాడు, అతనికీ మేలే జరిగింది.

దీనమ్మ


ఉనైజా,
6 డిసెంబరు 2024, శుక్రవారం

వదినకు,

ఆలస్యమైంది, పని ఎక్కువగా ఉంది.

మోరికావా గారు వాళ్లు తిరిగి వచ్చారు. తలుపులు పాడయ్యాయి. పూతంతా గీకేసి మొదటి నుంచి చేయాలంటున్నారు. జావీద్‌ని ఇంటికి పంపేస్తున్నారు. ఖురూజ్ వేశారు, అంటే మళ్లీ తిరిగి రాకుండా పంపేయడం. టికెట్టు కోసం చూస్తున్నారు.

రూబీ చేత భరిణె, బొంగరాలు పంపొద్దు. చింతపండు కూడా వద్దులే, బరువు.

అన్నను అడిగానని చెప్పు.

వరదానం


ఏటికొప్పాక,
9 డిసెంబరు 2024

వరం,

నాలుగు ముక్కలు రాసి పడేశావు. నీ బాధ నాకు అర్థమైంది. చేతిలో ఉన్న పని, కళ్ల ముందే పాడైపోతే ఎవరికైనా నోట మాట రాదు. నువ్వు అన్నీ చక్కబెట్టావు, ఆ మనిషి మళ్లీ నీళ్లు చల్లాడన్నమాట. నీ ముందు సరేనని తల ఊపి, నువ్వు అటు వెళ్లగానే బకెట్టు ఎత్తుకుని ఉంటాడు. కొందరంతే, మంచి చెప్పేవాడి మాట చెవికెక్కదు. పంపేస్తే మంచి పనే చేశారు. అంతటి పెద్దాయన చేతి పని అలాంటివాడి చేతిలో పెట్టడమే పొరపాటు.

నిన్న ఆదివారం ఆరాధనలో నేను లేచి సాక్ష్యం చెప్పాను. ఎప్పుడూ జ్వరం తగ్గిందనో, పరీక్ష పాసయ్యారనో చెప్పుకోవడమే కదా, ఈసారి నాకు చెప్పుకోవడానికి పెద్ద సంగతి దొరికింది. దేవుడు మా మరిదిని రాజుల ఇంట నిలబెట్టాడని, మా ఇంటి పని తెలిసినందువల్ల ఒక గొప్ప పనిని కాపాడబోయాడని, తోటివాడు మొండితనంతో దాన్ని పాడుచేసి తన ఉద్యోగం తానే పోగొట్టుకున్నాడని చెప్పాను. పిల్లలకు బుద్ధి చెప్పినట్టు ఉంటుందని జావీద్ పేరు కూడా చెప్పాను. అందరూ ఆమేన్ అన్నారు. పాస్టరమ్మ గారు నా చెయ్యి పట్టుకుని, మీ ఇల్లు దీవించబడిన ఇల్లు అంది.

మీ అన్న కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు, ఎందుకో చెప్పనక్కర్లేదు.

నువ్వు దిగులు పెట్టుకోకు. నీ తప్పేం లేదు.

దీనమ్మ


ఉనైజా,
13 డిసెంబరు 2024, శుక్రవారం

వదినా,

నీ ఉత్తరం అందింది. నువ్వు చర్చిలో జావీద్ పేరు చెప్పావన్న చోట చదవడం ఆపేసి బయటికి వెళ్లిపోయాను. తప్పంతా నాదే. జావీద్ నీళ్లు చల్లలేదు. ఒక్క చుక్క చల్లలేదు. నేను చెప్పినట్టే విన్నాడు, అందుకే తలుపులు పాడయ్యాయి.

అది లక్క కాదు వదినా. మన లక్క పురుగు నుంచి వస్తుంది. ఇది చెట్టు పాలు. గాటు పెడితే కారే పాలు పట్టి పూస్తారు. అది గట్టిపడాలంటే గాలిలో తడి ఉండాలట. తడి లేకపోతే ఎన్నాళ్లైనా జిగురుగానే ఉంటుందట. ఎడారిలో గాలి పొడి కాబట్టే వాళ్లు ఆ గది కట్టుకున్నారు. ఇదంతా ఆ శిష్యురాలు తర్వాత అందరికీ చెప్పింది. అబ్దుల్ ఘనీ సాబ్ దాన్ని లాఖ్ అన్నాడు, నేను లక్క అన్నాను, ఆ ఒక్క మాట పట్టుకుని నేను చెలరేగిపోయాను.

వాళ్లు వచ్చిన రోజు చెబుతాను. మోరికావా గారు చెక్క గదిలోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. తలుపుల మీద పూత బంకగా ఉంది. నేను తెరిచిన కిటికీలోంచి వచ్చిన తోట దుమ్మంతా దానికి అంటుకుంది. ఆయన అరవలేదు. ఒక్క ప్రశ్న అడిగాడు, శిష్యురాలు ఇంగ్లీషులో చెప్పింది, గదిలో తడి ఎప్పుడు పోయిందని. అబ్దుల్ ఘనీ సాబ్ జావీద్ వైపు తిరిగాడు. జావీద్ నా వైపు చూశాడు.

అది నన్ను పట్టిచ్చే చూపు కాదు. పూచీ నాది అన్నాను కదా, నేను మాట్లాడతానని ఎదురు చూశాడు. నా చేతిలో ఏసీ ఫిల్టరు ఉంది. నేను దాన్ని తుడుస్తూ నిలబడ్డాను. దుమ్మేం లేదు, అయినా తుడిచాను. అతను ఇంకాసేపు చూసి, తల దించుకుని, గల్తీ హో గయీ సాబ్ అన్నాడు. తప్పైపోయింది అని. నా పేరు ఎత్తలేదు. ఎత్తినా నేను కాదంటే గుడ్డలు తడిపేవాడి మాట కంటే నా మాటే నిలబడుతుందని అతనికి తెలుసు. నాకూ తెలుసు, అదే నా సిగ్గు.

ఆ రోజు నుంచీ అతను నాతో మామూలుగానే ఉన్నాడు. భోజనాల దగ్గర రొట్టె అందిస్తాడు. లక్క గురించి మాత్రం ఇంకేమీ అడగడు. ఆ రొట్టె నేను పక్కన పెట్టేస్తున్నాను.

చెబితే నాకూ ఖురూజే. ఇల్లు గోడల దాకా లేచి ఆగి ఉంది. మా అమ్మాయి నర్సింగు చదువులో చేరింది, ఫీజులు కట్టాలి. ఇప్పుడు ఇంటికి వస్తే ఊళ్లో ఏం మొహం పెట్టుకుని తిరగాలి? నేను కావాలని చేశానా వదినా? నువ్వు రాసిన మాట విని చేశాను. నువ్వు అంత గట్టిగా చెప్పకపోతే నేను బకెట్టు జోలికి పోయేవాణ్ణి కాదు. అతని టికెట్టు వచ్చే బుధవారానికి అంటున్నారు. ఏం చేయాలో చెప్పు.

వరదానం


ఏటికొప్పాక,
15 డిసెంబరు 2024, ఆదివారం

వరదానం,

ఈ రోజు ఆరాధన అయ్యాక లేచి నిలబడ్డాను. అందరూ ఇంకో మంచి కబురు అనుకుని నవ్వుమొహాలు పెట్టారు. పోయిన ఆదివారం ఇదే చోట నేను చెప్పింది అబద్ధం, తప్పు చేసింది మా ఇల్లు, జావీద్ అనే ఆ మనిషి ఏ తప్పూ చేయలేదు అని చెప్పాను. ఎవరూ ఆమేన్ అనలేదు. పాస్టరమ్మ గారు బైబిలు సంచి సర్దుకుంటూ ఉండిపోయింది. మీ అన్న పక్క గుమ్మంలోంచి వెళ్లిపోయాడు. నన్ను చెప్పనివ్వకుండా ఆపొచ్చు కదా, ఆపలేదు. అంతవరకు ఆయనకు రుణపడి ఉన్నాను.

నా తప్పు నేను రాస్తాను. నీ మొదటి ఉత్తరం మళ్లీ తీసి చూశాను. పూత తగిలితే దద్దుర్లు లేస్తున్నాయని నువ్వు అప్పుడే రాశావు. లక్క ఎప్పుడైనా ఎవరి ఒంటికైనా దురద పెట్టిందా? మన వైపు జీడిగింజల రసం తగిలితే పుళ్లు లేస్తాయి, అది కూడా నల్లగానే ఉంటుంది. ఆ రాత చూడగానే ఇది లక్క కాదు, జీడిలాంటిదేదో అని నాకు తట్టాల్సింది. తట్టలేదు. చక్రవర్తి అన్న మాట దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. చూడని పని గురించి, చూడని మనిషి గురించి అంత ధీమాగా రాశాను. ఆ జావీద్ బుద్ధి మీద కూడా రాశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

కానీ నా మాట వినే చేశానని రాశావు చూడు, అది నేను మోయను. లక్కకి తేమ పడదని చెప్పింది నేను. ఫిల్టరు తుడుస్తూ నిలబడమని నేను చెప్పలేదు. అది నీ సొంతం.

అతను బండి ఎక్కకముందు చెప్పు. గదిలో చెవిలో కాదు. ఏ మనుషుల ముందు తల దించుకున్నాడో ఆ మనుషుల ముందు చెప్పు. పంపేస్తే వచ్చెయ్. మీ నాన్న లేతు మిషను అలాగే ఉంది, నలభై ఏళ్లవాడు నేర్చుకోకూడదని ఎక్కడా లేదు. ఊళ్లో మొహం సంగతి నాకు వదిలెయ్, ఇవాళ్టి నుంచి నాకూ అదే మొహం.

దీనమ్మ


ఉనైజా,
18 డిసెంబరు 2024, బుధవారం

వదినకు,

చెప్పాను. అయితే నువ్వు అనుకున్నట్టు జరగలేదు, నేను అనుకున్నట్టూ జరగలేదు.

ముందు నిన్న అబ్దుల్ ఘనీ సాబ్ గదికి వెళ్లి చెప్పాను. ఆయన తలుపు మూసి, ఇప్పుడు ఈ మాట నాకెందుకు చెబుతున్నావు అన్నాడు. జావీద్ వల్ల పాడైందని అమీర్ గారి దివాను ఆఫీసుకి రాసి పంపేశాను, ఇప్పుడు కాదంటే తప్పు రాసింది నేనవుతాను, నువ్వు నీ పని చూసుకో, అందరికీ మంచిది అన్నాడు. నిజం చెబుతున్నాను వదినా, ఆ మాటకు నాకు హాయిగా అనిపించింది. చెప్పాల్సింది చెప్పేశాను కదా అనుకుని గదికి వచ్చి పడుకున్నాను. తర్వాత నీ ఉత్తరంలో 'చెవిలో కాదు' అన్న చోటు గుర్తొచ్చింది. నేను చేసింది సరిగ్గా అదే.

పొద్దున జావీద్‌ని ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లే బండి వర్క్‌షాపు ముందు ఆగింది. డ్రైవర్లు, తోటపనివాళ్లు, వంటవాడు, అందరూ సామాను ఎక్కించడానికి వచ్చారు. అప్పుడే మోరికావా గారు, శిష్యురాలు పనికి వస్తున్నారు. నేను వాళ్లకు అడ్డంగా వెళ్లి నిలబడ్డాను. ముందు ఇంగ్లీషులో చెప్పాను, తర్వాత అందరికీ అర్థం కావాలని ఉర్దూలో మళ్లీ చెప్పాను. గుడ్డలు తీయించింది నేను, హీటరు వేసింది నేను, కిటికీ తెరిచింది నేను, జావీద్ వద్దన్నాడు, పూచీ నాదన్నాను, మీరు అడిగినప్పుడు నోరు మూసుకున్నాను. అబ్దుల్ ఘనీ సాబ్ మెట్ల మీద నిలబడి అంతా విన్నాడు.

శిష్యురాలు జపాను భాషలో చెబుతుంటే పెద్దాయన కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత టోపీ తీసి, జావీద్ ముందుకు వెళ్లి, వంగాడు. ఆ రోజు నాకు వంగినట్టు కాదు. తల మోకాళ్ల దాకా వంచి అలాగే ఉండిపోయాడు. జావీద్‌కి ఏం చేయాలో తెలియక ఆయన భుజాలు పట్టుకుని లేపాడు. గదిని తడిగా ఎందుకు ఉంచాలో, దాన్ని కాపలా కాసే మనిషికి చెప్పకుండా వెళ్లడం తన తప్పని పెద్దాయన అంటున్నారని శిష్యురాలు చెప్పింది. అమీర్ గారికి ఆయనే చెబుతారట. నా వైపు మాత్రం ఆయన చూడనే లేదు. తిట్టినా బాగుండేది.

ఖురూజ్ మాత్రం పడిందంటే పడినట్టే. అబ్దుల్ ఘనీ సాబ్ దిగి వచ్చి, విమానానికి టైమవుతోందని మాత్రం అన్నాడు. నా సంగతి ఇంకా తేలలేదు. ఉంచితే ఉంటాను, పంపితే వచ్చేస్తాను.

నేను జావీద్ దగ్గరికి వెళ్లాను. క్షమించమని అడగబోతే అతను వినలేదు. ఫోను తీసి, ఇంటికి కలిపి, నా చేతిలో పెట్టాడు.

"ఇక్కడ చెప్పావు. ఇక్కడి నుంచి నేను వెళ్లిపోతున్నాను. నేను బతకాల్సిన చోట చెప్పు," అన్నాడు.

ఫోను ఎత్తింది అతని భార్య, ఆయేషా. నేను నా పేరు చెప్పానో లేదో, ఆవిడ గబగబా మాట్లాడటం మొదలుపెట్టింది. భాయ్‌సాబ్ మీరేనా, మీరు కళాకారుల ఇంటివారని, మీ దగ్గర పని నేర్చుకుంటున్నానని మా ఆయన రోజూ చెప్పేవారు, మీ పనంతా పాడుచేశారట, పొరపాటు చేశారని ఇంట్లో పెద్దవాళ్లు కూడా కోప్పడుతున్నారు, మీరు మనసులో పెట్టుకోవద్దు, మా మొహం చూసి మాఫ్ చేయండి అని. నన్ను క్షమాపణ అడుగుతోంది వదినా. జావీద్ పక్కనే నిలబడి బండి టైరు కేసి చూస్తున్నాడు. వాళ్లింట్లో కూడా అతను నా పేరు చెప్పలేదు.

"బెహన్, తప్పు ఆయనది కాదు, నాది. ఆయన వద్దన్నా నేనే చేయించాను. అడిగినప్పుడు ఆయన మీదికి పోనిచ్చాను," అన్నాను.

అవతల ఆవిడ ఎవరెవరినో పిలవడం వినిపించింది, తలుపు చప్పుడు, పిల్లల గొంతులు, ఒక ముసలాయన దగ్గు. మళ్లీ ఫోనులోకి వచ్చినప్పుడు ఆవిడ గొంతులో ఇందాకటి బతిమాలడం లేదు.

"స్పీకరు పెట్టాను. ఇంట్లో అందరూ ఉన్నారు. ఇప్పుడు చెప్పిందే మళ్లీ చెప్పండి. గట్టిగా చెప్పండి," అంది.

మళ్లీ చెప్పాను.

వరదానం